ఫొటోలో వాన లేదు

మా మడుగులంక దర్శనీయ గ్రామమై ఏడాదిన్నర దాటింది. అంతకు ముందు అది ఊరు.

ఊరుగా ఉన్న రోజుల్లో మేం చెరువు గట్టున ఉండేవాళ్లం. ఇప్పుడు సరస్సు తీరాన ఉంటున్నాం. ఇళ్లు అవే, నీళ్లు అవే, నీళ్ల మీద గుర్రపుడెక్క కూడా అదే. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇలాంటి చోట బతకడం ఎంత అదృష్టమోనని నిట్టూర్చి, చీకటి పడకుండా కార్లెక్కి వెళ్లిపోతుంటారు. వాళ్లన్నది నిజమే. ఇక్కడ బతకడంలో ఆకర్షణలు చాలా ఉన్నాయి. అవి రావడానికి కారణం నేనే కాబట్టి ఎలా వచ్చాయో కూడా నేనే చెప్పడం న్యాయం.

ఒక చలికాలం సాయంత్రం మా బాతు ఒకటి ఇంటికి రాలేదు. గుడ్లు పెట్టే బాతు. బిందె తోముకోవడానికి రేవుకు వెళ్లినదాన్ని, బిందె నడుం మీద పెట్టుకుని అది ఎటు పోయిందా అని నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ రోజే ఇంట్లో గ్యాసు అయిపోయింది. మా ఆయన ఏడుకొండలు సిలిండరు బుక్ చేయడం మరిచిపోయాడు. అందుకని కట్టెల పొయ్యి మీద అన్నం పడేసి వచ్చాను. తాటిమట్టల పొగ మా కప్పులోంచి లేచి చుట్టుపక్కల ఇళ్ల మీద పరుచుకుంది. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు ఎవరో గట్టు మీద నిలబడి నన్నూ, పొగనూ, ఊరినీ కలిపి ఫొటో తీశాడు. బాతు అందులో పడలేదు. అది పక్కింటి అప్పాయమ్మత్త పెరట్లో ఉంది.

ఆ ఫొటోకి పెద్ద బహుమతి వచ్చింది. దాని పేరు ‘నిరీక్షణ’ట. ఆ స్త్రీ చూపులో యుగాల ఎదురుచూపు ఉందని న్యాయనిర్ణేతలు రాశారట. తర్వాత సుందర గ్రామ సంరక్షణ సంస్థ అని ఒకటి మా ఊరిని దత్తత తీసుకుని, ఒక అధికారిని పంపింది.

ఆయన పేరు లీలాప్రసాద్. హోదా దృశ్య పరిరక్షణాధికారి. చెడ్డమనిషి కాదు. పిల్లలు కనబడితే నవ్వుతూ పలకరిస్తారు, వాళ్లు ఫొటోలో లేకపోయినా. వచ్చీ రాగానే ఫొటోగ్రాఫరు నిలబడిన చోట ఒక ఎత్తయిన మంచె కట్టించి, దానికి వీక్షణ వేదిక అని పేరు పెట్టారు. ఫొటోని తలుపంత చేయించి ఆ మంచె మీద నిలబెట్టారు. వచ్చినవాళ్లు ఒకసారి ఫొటో చూడాలి, ఒకసారి ఊరు చూడాలి. రెండూ ఒకేలా ఉంటే ఊరు బాగున్నట్టు.

స్కూల్లో మీటింగు పెట్టి మాకు విషయం వివరించారు. “నేటి నుంచి ఈ గ్రామం మీది కాదు, యావత్ మానవాళిది. మీరు దీనికి ధర్మకర్తలు మాత్రమే. చిత్రంలో ఉన్నది ఉన్నట్టుగా, లేనిది లేనట్టుగా కొనసాగించుటయే మన ఏకైక కర్తవ్యం” అన్నారు. చివర్లో చల్లని డ్రింకులు ఇస్తారని ముందే తెలియడంతో అందరం చప్పట్లు కొట్టాం.

మర్నాటి నుంచి పొగ మొదలైంది. ఫొటోలో పొగ ఉంది కాబట్టి ఊళ్లో ఉండాలి. అందరిళ్లలో గ్యాసు ఉన్నా, సాయంత్రం మంచె మీద జనం ఉన్నంతసేపూ వంతులు వేసుకుని పొయ్యిలో మట్టలు పెట్టాలి. ఎండు మట్టలకు మంట ఎక్కువ, పొగ తక్కువ అని తేలడంతో పచ్చివే వాడాలన్నారు. నేను అదే ఎర్రచీర కట్టుకుని, అదే బిందె పట్టుకుని రేవులో నిలబడాలి. కొన్నాళ్లకు లీలాప్రసాద్‌గారు నన్ను పక్కకు పిలిచి, నా చూపులో ఆర్తి తగ్గుతోందని బాధపడ్డారు. బాతు దొరికింది కదండీ అన్నాను. ఆయన ఆలోచించి, రోజూ సాయంత్రం ఆ బాతుని అప్పాయమ్మత్త పెరట్లో దాచే ఏర్పాటు చేశారు. అది ఎక్కడుందో నాకు తెలుసు కదా అంటే, తెలియనట్టు ఉండడంలోనే నా నైపుణ్యం ఉందన్నారు.

అప్పాయమ్మత్తకి ఉబ్బసం. గోడ అవతల నుంచి దగ్గుతూ, “నీ బాతు చల్లగుండా, నువ్వా రోజు దాని మానాన దాన్ని వదిలేసుంటే సరిపోను కదే కనకరత్నం” అనేది.

ఇవన్నీ భరించాం. అసలు కష్టం కప్పుతో వచ్చింది.

మావి తాటాకు ఇళ్లు. రెండేళ్లకోసారి ఎండాకాలంలో కొత్త ఆకు నేయించుకోవాలి. మూడో వానాకాలానికి పాత ఆకు నల్లగా కుళ్లి, దాని మీద గడ్డి మొలిచి, ఇల్లు కారడం మొదలవుతుంది. ఫొటో తీసేనాటికే మా ఇంటి ఆకు మూడో ఏడులో ఉంది. ఈసారి నేయించి తీరాలనుకున్నాం, ఎందుకంటే మా అమ్మాయి హైమకి తొలిచూలు. ఏడో నెలలో పుట్టింటికి తీసుకురావాలి. పురుడయ్యాక బాలింతరాలూ పసిబిడ్డా ఈ ఇంట్లోనే ఉండాలి. హైమ పుట్టినప్పుడు మా అమ్మ నాకు చేసినవన్నీ హైమకి నేను చేయాలని దాని పెళ్లినాటి నుంచీ అనుకుంటున్నాను. వేణ్ణీళ్లు, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారం, అన్నీ.

ఆకు తెప్పించి ఇంటి వెనక పేర్పించాం. నేతగాళ్లు నిచ్చెన వేసుకుని కప్పెక్కారు. లీలాప్రసాద్‌గారు గొడుగు కూడా తెరవకుండా మంచె మీద నుంచి ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చారు. కొత్త ఆకు పచ్చగా ఉంటుందట, ఫొటోలో ఉన్నది నలుపట. ఆ నలుపు కాలం ప్రసాదించిన వర్ణమట. మాకు తెలిసి అది కుళ్లండి, అన్నాడు మా ఆయన. లీలాప్రసాద్‌గారు కోప్పడలేదు. కొత్త ఆకుని ఇంకెక్కడైనా ఎండకూ వానకూ మూడేళ్లు వదిలేసి, బాగా నల్లబడ్డాక తెచ్చి కప్పుకోవడానికి సంస్థకి అభ్యంతరం లేదన్నారు. నేతగాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నిచ్చెన దిగారు.

తొలకరికే మా వియ్యపురాలు వజ్రమ్మగారు టౌను నుంచి వచ్చారు, కోడలిని పంపేముందు ఏర్పాట్లు చూసుకోవడానికి. ఆ రోజు వాన పడకుండా ఉంటే బాగుండేది. నడింట్లో రెండు తపేలాలు, మంచం పక్కన బకెట్టు, దేవుడి గూటి ముందు బేసిన్ పెట్టాను. ఆవిడ కుర్చీ మూడుసార్లు జరుపుకుని కూర్చున్నాక టీ ఇచ్చాను. టీలో టప్పున ఒక చుక్క పడింది. ఆవిడ కప్పు కింద పెట్టారు.

“వదినగారూ, మీ ప్రేమ మీద నాకు అనుమానం లేదండి. మీ ఇంటికప్పు మీదే. పచ్చి బాలింతరాలిని, పసిగుడ్డుని ఈ చుక్కల కింద ఎక్కడ పడుకోబెడతారు? ఇల్లు కారడం ఆగితే కబురు చెయ్యండి, నేనే తీసుకొచ్చి దింపుతాను. లేకపోతే పురుడు మా ఇంట్లోనే.”

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా బాధ అదే. హైమ ఫోన్లో, మంచం ఓ పక్కకి లాక్కుని పడుకుంటాలే అమ్మా అంది. ఏ పక్కకి లాగాలో దానికి తెలియదు. అది వెళ్లాక అన్ని పక్కలా కారుతోంది.

ఎర్రచీరతోనే మంచె దగ్గరికి వెళ్లి లీలాప్రసాద్‌గారికి విన్నవించుకున్నాను. ఆయన శ్రద్ధగా విని, ఫొటో ముందుకు వెళ్లి మా ఇంటిని వెతికి పట్టుకుని, ముక్కు తగిలేంత దగ్గరగా చూశారు.

“ఎక్కడమ్మా కారుతోంది?”

“లోపలండి.”

“చూడమ్మా కనకరత్నం. ఈ చిత్రంలో ఆకాశం నిర్మలంగా ఉంది. వాన లేదు. లేని వానకు ఇల్లు కారుట అనే సమస్యే ఉత్పన్నం కాదు.”

“మరి పడతన్నాది కదండీ.”

“పడవచ్చు. అది వాతావరణ శాఖ పరిధిలోని అంశం.”

మా ఆయన ఆ సాయంత్రమే బజారు నుంచి నీలం రంగు టార్పాలిన్ తెచ్చి కప్పు మీద కట్టాడు. ఒక్క రాత్రి హాయిగా నిద్రపోయాం. ఊరి మధ్యలో నీలం మచ్చ కనబడుతోందని మర్నాడు మంచె మీద ఒకాయన ఫిర్యాదు చేయడంతో దాన్ని విప్పించేశారు.

హైమకి ఆరో నెల వెళ్లిపోతోంది. నేను ఆశ వదులుకోబోతుండగా సంస్థవారికి కొత్త ఆలోచన వచ్చింది. ఊరిని దూరం నుంచి చూస్తే చాలదు, సందర్శకులు ఇళ్లలో ఉండి అచ్చమైన పల్లె జీవితాన్ని అనుభవించాలి. పథకం పేరు ‘పల్లె ఒడి’. ఫొటోలో బాగా కనబడే ఇల్లు కాబట్టి మాదే మొదట ఎంచుకున్నారు. అతిథులు తడవకూడదు కదా. పాత ఆకు బయటికి అలాగే ఉంచి, దాని కింద ఇనుప చట్రం వేసి, రేకులు బిగించి, లోపల సీలింగు కొట్టి, గోడలకు సున్నం వేసి, ఫ్యానూ, పలకల బాత్‌రూమూ పెట్టారు. పది రోజుల్లో అయిపోయింది. మా కప్పు మేం బాగుచేసుకుంటామంటే ఒప్పుకోలేదేమని మా ఆయన అడిగాడు. స్థానికుల అవసరం వేరు, అతిథుల సౌకర్యం వేరు అన్నారు లీలాప్రసాద్‌గారు. ఆరిన గదిలో స్థానికులు పడుకోకూడదని నియమం. మేం వెనక వంటపాకలోకి మారాం. దాని కప్పు ఫొటోలో కొసకి కొంచెం కనబడుతుంది కాబట్టి దాన్నీ ముట్టుకోనివ్వలేదు.

మొదటి అతిథులుగా పట్నం నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆ రాత్రి కుంభవృష్టి. పొద్దున్నే ఆవిడ గుమ్మంలో ఒళ్లు విరుచుకుంటూ, ఇలాంటి నిద్ర పట్టి ఎన్నేళ్లయిందో అంది. మేం వంటపాకలో గిన్నెలు ఎత్తిపోస్తూ విన్నాం.

ఆ గిన్నెలు ఎత్తిపోస్తుండగానే నాకు తోచింది. చేతులు తుడుచుకుని మంచె దగ్గరికి వెళ్లాను.

“ఆ గదిలోకి అతిథిగా ఎవరైనా రావచ్చాండి?”

“విశ్వమానవులు ఎవరైనా రావచ్చు. స్థానికులు తప్ప.”

“మా అమ్మాయి హైమండి.”

“మీ అమ్మాయి స్థానికురాలే కదమ్మా.”

“పెళ్లయిందండి. ఇంటిపేరు మారిపోయింది. రేషన్ కార్డు టౌన్లో ఉంది.”

లీలాప్రసాద్‌గారు కళ్లు మూసుకున్నారు. నియమాలన్నీ లోపల ఒకసారి తిరగేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. “అయితే ఆవిడ పర్యాటకురాలు” అన్నారు.

ఆడపిల్ల ఇక పరాయిదేనని అప్పగింతల నాడు ఎవరో అంటే, నేను రెండ్రోజులు అన్నం తినలేదు. అదే మాట ఆ రోజు అధికారి నోటి వెంట విని, రేవులో కొబ్బరికాయ కొట్టాను.

హైమ, వజ్రమ్మగారు ఆటోలో వచ్చారు. సంస్థ సిబ్బంది డప్పులతో ఎదురెళ్లి, బంతిపూల దండలు వేసి, బొట్టు పెట్టి, కొబ్బరిబొండాలు చేతికిచ్చారు. సరస్సు ఒడిలో వెలసిన ఈ అపురూప గ్రామాన్ని తొలిసారి దర్శిస్తున్నందుకు లీలాప్రసాద్‌గారు మా అమ్మాయిని అభినందించారు. సంస్థ లెక్కలో మేం ఆతిథ్య కార్యకర్తలం కాబట్టి అతిథులను తాకకూడదు. నేను చేతులు జోడించి నమస్కారం పెట్టాను. హైమ నన్ను చూసి నవ్వాలో ఏడవాలో తెలియక దండ సర్దుకుంది. డప్పులు వెళ్లాక వంటపాక వెనక్కి వచ్చి నన్ను వాటేసుకుంది. వజ్రమ్మగారు మాత్రం తిన్నగా గదిలోకి నడిచి, మంచం పక్కన నిలబడి, అరచెయ్యి చాపి చాలాసేపు ఎదురుచూశారు. బయట వాన పడుతోంది. చేతిలో ఏమీ పడలేదు. ఆవిడ చెయ్యి మడుచుకుని, పెట్టె తెరిచి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

వారం తిరక్కుండా లీలాప్రసాద్‌గారు వచ్చి, ఈ గ్రామంలో మిమ్మల్ని బాగా ఆకట్టుకున్నది ఏది అని హైమని అడిగారు. ఇంటికప్పండి, అంది హైమ. ఆయన పొంగిపోయారు. ఆ వర్ణంలోని సౌందర్యాన్ని ఎవరూ చెప్పకుండానే గ్రహించిన తొలి సందర్శకురాలు ఆవిడేనని ఊళ్లో అందరికీ చెప్పారు.

ఈలోగా చెరువు వైపు ఇళ్లన్నిటికీ రేకులూ ఫ్యాన్లూ వచ్చాయి. కానీ వానాకాలంలో ఇటు వచ్చేవాళ్లెవరు? గదులు ఖాళీగా ఉన్నాయని పైనుంచి లీలాప్రసాద్‌గారికి చీవాట్లు పడ్డాయి. అతిథుల దగ్గర రుసుము కూడా ఎత్తేశారు. అయినా ఎవరూ రాలేదు. ఆయన నీరసంగా మంచె మీద కూర్చుని ఉండగా అప్పాయమ్మత్త దగ్గుకుంటూ మెట్లెక్కింది. ఎదురింటి కోటయ్య గదిలో దిగుతానంది. స్థానికులు దిగకూడదని ఆయన గుర్తుచేశారు.

“నేను మా ఇంట్లో స్థానికురాలిని బాబూ. కోటయ్యింట్లో ఎలా అవుతాను? వాడికీ నాకూ పాతికేళ్లుగా మాటల్లేవు.”

లీలాప్రసాద్‌గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఈసారి త్వరగానే తెరిచారు. మనిషి తన ఇంట్లో మాత్రమే స్థానికుడని, పొరుగింట పర్యాటకుడని మర్నాడు దండోరా వేయించారు. సాయంత్రానికి ఊరు ఊరంతా చాపలూ దుప్పట్లూ చంకన పెట్టుకుని ఎదురెదురుగా నడిచింది. కోటయ్య అప్పాయమ్మత్త ఇంట్లో, అప్పాయమ్మత్త కోటయ్య ఇంట్లో దిగారు. గదులన్నీ నిండిపోయాయి. మా ఆయన రెండు ఇళ్ల అవతల అతిథిగా చేరి, కాలు మీద కాలేసుకుని కాఫీలో పంచదార తక్కువైందని అంటున్నట్టు తెలిసింది. నేను మాత్రం కదల్లేదు. హైమకి కార్యకర్త ఒకరుండాలి కదా.

వచ్చిన చిక్కల్లా పనులతో. అతిథుల చేత పని చేయించకూడదు. పొయ్యిలో పచ్చిమట్టలు పెట్టడానికి ఊళ్లో స్థానికులు మిగల్లేదు. దాంతో పొగ వంతు సంస్థ సిబ్బంది మీద పడింది. నేను గర్భిణీ అతిథి సేవలో ఉన్నందున నా ఎర్రచీర వాళ్ల అటెండరు ధర్మరాజు కట్టుకుని, బిందె పట్టుకుని రేవులో నిలబడ్డాడు. అంత దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియలేదు. మీసం తీయించమంటే మాత్రం అతను ఒప్పుకోలేదు. కనుక నీళ్లకేసి తిరిగే ఉండేవాడు.

భాద్రపదంలో హైమకి టౌను ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజున వానలోనే ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాం. దారిలో పక్కపరదా కొంచెం పైకెత్తి పాపకి చూపించాను, ఇది మన చెరువే, అది మన రేవే అని. దానికి కళ్లు తెరుచుకోలేదు. అయినా చెప్పాను.

మంచం వెచ్చగా పరిచి తల్లీపిల్లల్ని పడుకోబెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేస్తున్నాను. లీలాప్రసాద్‌గారు గుమ్మంలో గొడుగు దులుపుకుని లోపలికి వచ్చారు. పాపని చూసి నవ్వారు. తర్వాత ఆయన ముఖం అధికారి ముఖం అయింది. మర్నాడు పై నుంచి తనిఖీ బృందం వస్తోందట. ఈ గదిలో అతిథులు ఇద్దరు, కానీ మనుషులు ముగ్గురు కనబడుతున్నారు.

“తల్లి ఇచ్చట బస చేయుచుండగా జన్మించిన శిశువు కనుక ఈమెను గ్రామానికి చెందిన వ్యక్తిగా పరిగణించవలసి వస్తుంది. గ్రామస్థులు అతిథి గదిలో ఉండరాదు. అన్యథా భావించవద్దు. శిశువును స్థానికుల భాగంలోకి మార్చగలరు.”

స్థానికుల భాగమంటే వంటపాక. అక్కడ తపేలాలో చుక్కలు పడుతున్న చప్పుడు ఈ గదిలోకి వినబడుతూనే ఉంది.

వజ్రమ్మగారు లేచి నిలబడ్డారు. హైమా, సామాన్లు సర్దుకో, ఆటో ఇంకా వెళ్లి ఉండదు, అన్నారు. హైమ పాపని దగ్గరికి లాక్కుని నాకేసి చూసింది. ఒక్కసారి ఆ ఆటో కదిలితే మళ్లీ ఎప్పుడొస్తారో నాకు తెలుసు. వాళ్లిక రారు. పిల్ల వాళ్ల టౌన్లోనే పాకుతుంది, అక్కడే నడుస్తుంది.

ఆటోలో పాపకి చెప్పిందంతా మింగేసుకున్నాను.

“ఈ ఊరి మనిషి ఎలా అవుతాదండి? పుట్టింది టౌన్లో. ఇంటిపేరు వజ్రమ్మగారిది. ఈ ఊరు ఇదివరకెప్పుడూ చూళ్లేదు. మాకు కూడా ఎవరో తెలీదు. కొత్తమనిషండి.”

లీలాప్రసాద్‌గారు కళ్లు మూసుకున్నారు. ఎన్నడూ లేనంతసేపు మూసుకున్నారు. వజ్రమ్మగారు చీర మడత పెట్టబోయి ఆగారు. చివరికి ఆయన ముఖం విచ్చుకుంది. ఆయన కూడా తడిసి వచ్చిన మనిషే కదా, ఆ పిల్లని వంటపాకలోకి పంపాలని ఆయనకీ లేదనుకుంటాను.

“అలాగైతే సుస్వాగతం” అని, గుమ్మం బయటికి కేకేసి దండ తెప్పించారు. దండ పిల్ల కంటే పొడవుంది. దాన్ని పక్కబట్టల చుట్టూ జాగ్రత్తగా పరిచి, చేతులు జోడించి, ఈ సరస్సు తీర గ్రామానికి తొలిసారి విచ్చేసిన మాన్య అతిథికి మానవాళి తరఫున నమస్కారం చేశారు. తర్వాత గొంతు తగ్గించి, తనిఖీవాళ్లకి చెప్పాలి, ఎన్నాళ్లుంటారమ్మా, అని అడిగారు.

పైన రేకుల మీద వాన గట్టిగా పడుతోంది. పిల్ల పిడికిళ్లు బిగించుకుని నిద్రపోతోంది. ముఖం మీద ఒక్క చుక్క లేదు.

“ఇంకా ఏం చెప్పలేదండి” అన్నాను. “లేచాక అడుగుదాం.”